బరువు మీద బిగించేవాడు

మౌలాలి ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు చెప్పినవాడు, ఆయన్ని వదిలి వెళ్లిపోయిన శిష్యుడే. పొద్దున్నే ఫోన్ చేసి, "సార్, ఉస్తాద్ లేడు. తెల్లారంగ గుండె ఆగిందట. మీ బండి షెడ్డులనే ఉన్నది" అన్నాడు. ఒకే గుక్కలో రెండు వార్తలు. సిగ్గుపడాల్సిన విషయమే అయినా రాస్తున్నాను, నేను ముందుగా అడిగింది రెండో వార్త గురించి. "బోల్టులు బిగించాడా?" అన్నాను. "లేదు సార్. చేతితోటి పెట్టిండు, గంతే" అన్నాడు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తెలియాలంటే కారు అడుగు భాగం గురించి నాలుగు మాటలు చెప్పాలి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చేతులు ఉంటాయి. ఆ చేయి బండికి తగిలే చోట ఒక రబ్బరు బుష్షు, దాని మధ్య నుంచి ఒక బోల్టు. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ రబ్బరు కొంచెం మెలిపడి, మళ్లీ తన స్థితికి వస్తుంది. బోల్టు బిగించినప్పుడు ఆ చేయి ఏ వాలులో ఉందో, అదే రబ్బరుకు విశ్రాంతి. బండిని పైకి లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, రబ్బరు ఆ వేలాడటమే తన స్థితి అనుకుంటుంది. కిందికి దించగానే మెలి తిరుగుతుంది. ఇక బండి నడిచినా, నిలబడినా, యజమాని ఇంట్లో నిద్రపోయినా ఆ మెలి వదలదు. నెలలు తిరక్కుండానే చిరుగుతుంది. కాబట్టి చక్రాలు నేలకు ఆని, బండి తన బరువు తాను మోస్తున్నప్పుడే ఆఖరి బిగింపు. ఇంతే సంగతి. బడికి పోయే పిల్లకు చెప్పినా అర్థమవుతుంది. సికింద్రాబాద్ మెకానిక్కులకు మాత్రం అర్థం కాలేదు.

అర్థం కాలేదనడం మర్యాద. అర్థమయ్యే చేయలేదు. బండి కిందికి దించాక దాని కిందికి దూరాలంటే నడుము వంచాలి, మట్టిలో పడుకోవాలి. అంత కష్టం ఎవరికి కావాలి?

నేను ముప్పై ఏళ్లు బీమా సర్వేయరుగా పనిచేశాను. దెబ్బతిన్న బండ్ల కింద టార్చి వేసి చూసి నివేదికలు రాయడం నా పని. మిగిలిన కాలమంతా పుస్తకాలు చదివాను. రెండింటివల్లా నాకు తెలిసింది ఒకటే, మనిషి తాను చేసిన తప్పుకు కారణం ఎప్పుడూ బయట వెతుకుతాడు. మెకానిక్కులు నాకు చూపించిన కారణం రోడ్డు. "గుంతలు సార్, మన రోడ్లు తెల్వదా" అనేవారు. నేనూ రాసుకునేవాడిని, "రోడ్డు గుంతల వల్ల" అని. ఎన్ని వందల నివేదికల్లో ఆ మాట రాశానో నాకే తెలియదు. ఉస్తాద్‌తో పరిచయమైన కొత్తలో ఈ సంగతి గొప్పగా చెబితే, ఆయన చేతులు తుడుచుకుంటూ, "రోడ్డు మీదికే తోసిండ్రా సార్? మంచిగనే చేసిండ్రు. రోడ్డుకు నోరు లేదు గద" అన్నాడు.

ఆయన దగ్గరికి నేను వెళ్లింది కూడా అవమానం వల్లే. అప్పట్లో నా బండిని అద్దాల గదీ, కాఫీ యంత్రమూ ఉన్న ఒక పెద్ద గ్యారేజీలో ఇచ్చాను. ముందు రెండు చేతులూ మార్చారు. మూడు నెలలు తిరిగేసరికి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా పాత మంచం మీద ఎవరో పొర్లినట్టు కిర్రుమనడం మొదలైంది. మళ్లీ తీసుకుపోతే అక్కడి పెద్దమనిషి బుష్షులకు నిండా గ్రీజు పూయించాడు. రబ్బరుకు గ్రీజు పూయడమంటే పుండుకు బురద పూయడం. రెండు వారాలు చప్పుడు ఆగింది, తర్వాత రబ్బరు ఉబ్బి ఊడింది. ఇంకొక చోటికి పోతే వాడు ఎడమ పక్క మాత్రమే మార్చి, "కుడి పక్క ఇంక నడుస్తది సార్" అన్నాడు. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు వేసుకుని నడిచి చూపించమని అడగాల్సింది. అడగలేదు. మూడోవాడు కుదుపులు ఆపే షాకప్సర్ మార్చేటప్పుడు దాని రాడ్డు తిరగకుండా పకడ్ అనే ఇనప పట్టకారుతో గట్టిగా పట్టుకుని పై నట్టు బిగించాడు. ఆ రాడ్డు అద్దంలా నున్నగా ఉండాలి. దాని మీద పకడ్ పళ్లు దిగితే, ఆ గాట్లు పైకీ కిందికీ ఆడుతూ ఆయిల్ సీలును కోసేస్తాయి. నెలలో నూనె కారింది. "కంపెనీ మాల్ ఖరాబు సార్" అన్నాడు. చూశారా, రోడ్డు కాకపోతే కంపెనీ.

ఆ మూడోవాడి మీద విసుగుతోనే ఎవరో చెబితే మౌలాలి గుట్ట కింది సందులోకి బండి తోలాను. రేకుల షెడ్డు, బోర్డు లేదు. ఊరి పేరుతోనే అందరూ మౌలాలి ఉస్తాద్ అని పిలిచే బక్కపలచటి మనిషి ఒకడు వచ్చి నాతో మాట్లాడకుండా బండి ముందు మూల మీద అరచేయి వేసి ఒకసారి నొక్కాడు. తల వంచి విన్నాడు. ఇంకోసారి నొక్కాడు.

"దీన్ని గాల్లో బిగించిండ్రు సార్" అన్నాడు.

ముప్పై ఏళ్లు టార్చి వేసి చూసినా నాకు కనబడనిది ఆయన అరచేతికి తెలిసింది. నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. చదువుకున్నవాడికి అలాంటప్పుడు మొదట కోపమే వస్తుంది.

ఆ పద్ధతి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి లాలాగూడ వర్క్‌షాపులో రైలు డబ్బాల స్ప్రింగుల దగ్గర పనిచేసినవాడు. డబ్బా బరువు పూర్తిగా కిందికి దిగాకే ఆఖరి పానా వెయ్యాలని ఆయన కొడుక్కి చిన్ననాడే చెప్పాడట. కొడుకు దాన్ని కార్లకు పట్టించాడు. షెడ్డులో రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు నాలుగుండేవి. కొత్త భాగాలు పెట్టి, బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, ఒక్కొక్క చక్రం కింద ఒక్కొక్క చెక్క పెట్టి బండిని దించేవాడు. అప్పుడు దాని కింద మనిషి దూరేంత చోటూ ఉంటుంది, చక్రాల మీద బరువూ ఉంటుంది. అక్కడితో ఆగితే ఆయన మామూలు మంచి మెకానిక్. కానీ ఆయన ఖాళీ బండిని బిగించేవాడు కాదు. "బండి ఖాళీగ తిరుగుతదా సార్? మీరుంటరు గద దాంట్ల" అనేవాడు. యజమాని వచ్చి స్టీరింగు ముందు కూర్చోవాలి. వెనక ఎడమ పక్క ఇంకొకరు కూర్చోవాలి. అప్పుడు గోనెసంచి పరుచుకుని కిందికి జారేవాడు. పగిలిన మడమలు రెండు మాత్రం బయట కనబడేవి.

కింద మనిషి ఉంటే పైన కూర్చున్నవాళ్లు తెలియకుండానే ఊపిరి బిగబడతారు. ఆయనకు ఆ సంగతి తెలుసు. కింది నుంచి గొంతు వచ్చేది. "ఊపిరి తీస్కోండ్రి సార్. రోజు గట్లనే బిగబట్టి నడుపుతరా?"

వాహన కంపెనీ ఇచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి సంపాదించి, అందులో ఇదే విషయం రాసి ఉన్న ఒక్క వాక్యాన్ని వెతికి, ఒకరోజు ఆయనకు చదివి వినిపించాను. చక్రాలు నేల మీద ఉండగానే బిగించవలెనని ఉంది. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. పుస్తకం మందం వేళ్లతో కొలిచి చూసి, "గింత పెద్ద బుక్కుల గా ఒక్క లైను రాస్తే ఎవ్వలు చూస్తరు సార్? అట్ట మీద రాయాల్సుండె" అన్నాడు. ఆ వాక్యాన్ని ఎన్నడూ చదవని మనిషి జీవితమంతా పాటించాడు. శిక్షణ కేంద్రాల్లో చదివి సర్టిఫికెట్లు గోడలకు తగిలించుకున్నవాళ్లు ఒక్కరోజు పాటించలేదు. పుస్తకాల మీద నాకున్న గౌరవానికి తగిలిన దెబ్బల్లో ఇదొకటి.

అందరూ కూర్చునేవారు కాదు. సైనిక్‌పురి నుంచి ఒక రిటైరైన అధికారి వచ్చేవాడు, మీసాలు, నిటారు నడక. బండిలో కూర్చోమంటే ఆయనకు పౌరుషం వచ్చింది. "నేనేమైనా మూటనా, బరువు కోసం కూర్చోబెట్టడానికి?" అన్నాడు. ఉస్తాద్ ఏ మాత్రం తొణక్కుండా, "మూటైతే గీ తక్లీఫే లేకపోవు సార్. నేనే ఎత్తి పెడుదు" అన్నాడు. అధికారి తాళం లాక్కుని, బండిని ఇంకో గ్యారేజీకి లాగించుకుపోయి గాల్లోనే బిగించుకున్నాడు. రెండు నెలల తర్వాత కిర్రు కిర్రుమంటూ తిరిగొచ్చి, నోరు మూసుకుని అరగంట కూర్చున్నాడు. నేనూ ఆ పూట అక్కడే ఉన్నాను. నా జీవితంలో తృప్తిగా గడిపిన అరగంటల్లో అదొకటి.

వెనక కూర్చునే మనిషి దొరకనప్పుడు ఆయన షెడ్డు వెనకున్న ఇంటి వైపు తిరిగి ఒక కేక వేసేవాడు. ఇంటామె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఎవరి బండి అని కూడా అడక్కుండా తలుపు తీసి వెనక ఎడమ పక్క కూర్చునేది. ఒక్కోసారి చాటలో బియ్యం తెచ్చుకుని ఏరుకునేది. "చాట కింద పెట్టు, బరువు తప్పుతది" అని ఆయన కింది నుంచి అంటే, "పావుకిలో బియ్యానికి నీ బండి కుంగుతదా?" అని ఆమె పై నుంచి అనేది. ఒకసారి ఆమె నాతో అన్నది, "సికింద్రాబాదుల ఉన్న కార్లన్నీ ఎక్కిన సార్ నేను. ఏడికీ పోలే." నవ్వుతూనే అన్నది. ఆయన కింద నట్టు తిప్పుతూ వినిపించుకోలేదు, లేదా విన్నా పలకలేదు. ఆయన్ని దేవుణ్ని చేయడానికి నేనిది రాయడం లేదు. మొండివాడు. ఆలస్యం చేసేవాడు. సగం ఖాతాదారులు ఆ ఆలస్యానికే పోయారు. ముప్పై అయిదేళ్లు వెనక సీట్లో కూర్చోబెట్టిన భార్యను ఒక్కసారి ట్యాంక్‌బండ్ దాకా తిప్పాలని ఆయనకు తోచలేదు.

ఇక శిష్యుడు. పేరు రాయను, రాస్తే ప్రచారమవుతుంది. పదిహేనేళ్లు ఉస్తాద్ దగ్గర అదే గోనెసంచి మీద పడుకుని పని నేర్చుకున్నాడు. తర్వాత సైనిక్‌పురి దారిలో సొంత గ్యారేజీ పెట్టాడు. బండ్లను తల ఎత్తుకు లేపే రెండు లిఫ్టులు, గాలితో నట్లు తిప్పే గన్నులు, తెల్లటి గచ్చు. బండి పైకి లేస్తుంది, చక్రాలు వేలాడతాయి, మనిషి నిలబడే ఉంటాడు, గన్ను టర్రుమంటుంది, అయిపోయింది. సరైన పని పదిహేనేళ్లు తన చేత్తో చేసి కూడా తప్పు చేసేవాడు అతడొక్కడే కాబట్టి, మిగిలినవాళ్ల కంటే అతడే నాకు ఎక్కువ నీచంగా కనిపించేవాడు. ఉస్తాద్ ముందు ఎన్నోసార్లు అతణ్ని ఎద్దేవా చేశాను. ఆయన ఒక్కసారే జవాబిచ్చాడు. "వాని నడుము మంచిగుంటది సార్. నాది చూడండ్రి" అని లేవబోయి, బానెట్ పట్టుకుని ఆగి, మెల్లగా లేచాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

ఆయన పోవడానికి ముందు రోజు మధ్యాహ్నం నాలుగింటికి నాకు ఫోన్ చేశాడు. నా బండికి రెండు చేతులూ, బుష్షులూ కొత్తవి పెట్టాననీ, చెక్కల మీదికి దించాననీ, వస్తే బిగించేస్తాననీ చెప్పాడు. "మా ఇంటామెకు మోకాళ్లు నొస్తున్నయి, ఎక్కుతలేదు. ఎనక కూసునేటందుకు గల్లీల ఎవ్వలనన్న పిలుస్త. మీరైతే రండ్రి సార్." నా చేతిలో ఒక నవల ఉంది. ఇంకో యాభై పేజీలున్నాయి. "రేపు పొద్దున వస్తాలే ఉస్తాద్" అన్నాను. "మీ ఇష్టం సార్, బోల్టులు ఎటూ పోవు" అన్నాడు. ఆ నవల పూర్తిచేశాను. ముగింపు బాగాలేదు.

అందుకే ఫోన్‌లో ఆ ప్రశ్న అడిగాను. ఆయన చేత్తో పెట్టి వదిలిన చివరి నాలుగు బోల్టులు నా బండి కింద ఉన్నాయి. అవి బిగియకపోవడానికి కారణం నేను. వాటిని ఎవడో వచ్చి గాల్లో బిగిస్తే, ఆయన బతుకంతా చేసిన పనికి చివర్న ఒక అబద్ధం తగిలించినట్టవుతుంది. నేను బతికి ఉండగా అది జరగనివ్వకూడదనుకున్నాను. ఈ వయసులో నాకు వేరే పట్టుదలలేవీ మిగల్లేదు.

మూడో రోజు సందులో షామియానా వేసి సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీలో ఉస్తాద్ బొమ్మ చిన్నది, దాన్ని పెట్టించినవాళ్ల బొమ్మలు పెద్దవి. స్పేర్ పార్టుల దుకాణదారు ఒకడు ఆయన నిజాయితీ గురించి మాట్లాడాడు. ఆయనకు డూప్లికేట్ బుష్షులు అంటగట్టబోయి షెడ్డులోంచి బయటికి గెంటించుకున్నవాడు అతడే. పకడ్‌తో షాకప్సర్ పట్టుకున్న మహానుభావుడు కూడా వచ్చి, ఆయన లేని లోటు తీరనిదన్నాడు. నిజమే, తీరదు. తీర్చే ఉద్దేశం అక్కడ ఎవరికీ లేదు. చివర్న శిష్యుడు లేచి, ఉస్తాద్ ఫోటో తన గ్యారేజీలో పెద్దగా కట్టిస్తాననీ, ఆయన చూపిన బాటలోనే నడుస్తాననీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. చావు సభలో చప్పట్లు.

సభ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. "సార్, మీ బండి టోయింగ్ పెట్టి తీస్కపోత. లిఫ్ట్ మీద పది నిమిషాల పని. పైసలు గిట్ల ఏమొద్దు, ఉస్తాద్ మీద గౌరవం."

"చక్రాలు నేల మీద పెట్టి బిగిస్తావా?"

అతను నవ్వాడు. "సార్, గా జమానా పోయింది. ఇప్పుడు మాల్ మంచిగొస్తుంది, ఏం గాదు."

"ఆయన ఫోటో కింద నిలబడి గాల్లో బిగిస్తావన్నమాట."

"గంత మాటెందుకు సార్" అని మొహం తిప్పుకున్నాడు. ఇంకో ఇద్దరు మెకానిక్కులు కూడా బండి తీసుకుపోతామన్నారు. తాళం జేబులో పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చాను. బండి పదకొండు రోజులు ఆ చెక్కల మీదే నిలబడింది. రోజూ పొద్దున వెళ్లి, ఎవరూ ముట్టుకోలేదని చూసుకుని వచ్చేవాడిని. సందులోవాళ్లు నాకు మతి చెడిందనుకున్నారు. అనుకోనివ్వండి.

పదకొండో రోజు కర్మ అయ్యాక, భోజనాలు ముగిసి అందరూ వెళ్తున్నప్పుడు, ఉస్తాద్ భార్య షెడ్డు గడపలోకి వచ్చి నిలబడింది. శిష్యుడు తెల్ల చొక్కా వేసుకుని బయట చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఏం బిడ్డా, సార్ బండి గట్లనే ఉన్నది గద" అన్నదామె.

"నేను తీస్కపోతనన్న అమ్మా. సారే ఇస్తలేడు. లిఫ్ట్ మీద అయితే..."

"నాకు లిఫ్టు గిఫ్టు తెల్వదు. గోనెసంచి గాడనే ఉన్నది. పానా గాడనే ఉన్నది. నీకు తెల్వని చోటా?"

అతను తన చొక్కా వైపు చూసుకున్నాడు, నా వైపు చూశాడు. ఎగతాళి చేస్తాననుకుని ఉంటాడు. నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. చొక్కా విప్పి తలుపుకు తగిలించి, బనీనుతో గోనెసంచి మీద కూర్చుని, మెల్లగా వెనక్కి వాలి, బండి కిందికి జారాడు. పదేళ్లుగా పడుకోని మనిషి. నడుము నేలకు తగిలినప్పుడు చిన్నగా మూలిగాడు. మడమలు బయట కనబడ్డాయి. అవి ఇంకా పగల్లేదు, నున్నగా ఉన్నాయి.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. వెనక ఎవరిని పిలవాలా అని చూస్తుంటే తలుపు తెరుచుకుంది. ఆమె ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు ఎత్తి లోపల పెట్టుకుని, నొప్పికి పళ్లు బిగించి, ఎడమ పక్కన కూర్చుంది. చేతిలో చాట లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

కింద పానా తిరగడం మొదలైంది. ఒక బోల్టు. రెండోది. మూడోదాని దగ్గర ఆగింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. అతను కింద ఏం చేస్తున్నాడో నేను చూడలేదు, అడగలేదు. నేను ఊపిరి బిగబట్టానని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఊపిరి తీస్కోండ్రి సార్" అన్నది వెనక నుంచి ఆమె. తర్వాత కొంచెం వంగి, కిందికి వినబడేలా, "నువ్వు సుత తీస్కో బిడ్డా. కానీ ఇగ" అన్నది.

పానా మళ్లీ తిరిగింది. నాలుగోదీ అయింది.

అతను బయటికి వచ్చి, వీపు దులుపుకోకుండానే చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు. రేపు తన గ్యారేజీలో మళ్లీ గాల్లోనే బిగిస్తాడు. ఆ విషయంలో నాకు భ్రమలు లేవు. మనుషులు ఒక మధ్యాహ్నంలో మారరు. మారతారని రాసిన పుస్తకాలు చాలా చదివాను, వాటిలో ఒక్కదాన్నీ నమ్మలేదు. ఆ నాలుగు బోల్టులు మాత్రం సరిగ్గా బిగిశాయి.

నేను ఇంజన్ ఆన్ చేశాను. ఆమె ఇంకా దిగలేదు. అద్దంలో చూస్తూ, "ఎటన్నా తిప్పుకొస్తానమ్మా, ట్యాంక్‌బండ్ దాకా" అన్నాను.

ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసింది. "వద్దు సార్. అలవాటు లేదు" అన్నది.

తలుపు తీసి, మోకాలు చేత్తో పట్టుకుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు నేల మీద పెట్టి దిగింది. బండి వెనక ఎడమ పక్క వేలెడంత పైకి లేచి, ఒక్కసారి ఊగి, కిర్రుమనకుండా నిలబడింది.